రాగి మొలకపిండి

విరూపాక్షి మాట ఓబిలేసు చెవికెక్కడం లేదు. అదీ బాధ. పన్నెండేళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, ఉద్యోగం వదిలేసి మఠంలో చేరిన మనిషి విరూపాక్షి. ఎంత మొద్దబ్బాయినైనా గట్టెక్కించిన నోరు అది. ఒక లారీ డ్రైవరు దగ్గర చతికిలబడింది.

ఓబిలేసు తాగుడు మానాలని తనంతట తానే మఠానికి వచ్చాడు. అప్పటికే ఒళ్లు గుల్లయిపోయింది. చిక్కటి గంజి మింగలేడు. నీళ్లు పోసి పలచన చేస్తే అందులో సత్తువ ఉండదు. ఎలాగోలా తిండి పట్టించండి, లేకపోతే మనిషి దక్కడు అన్నాడు డాక్టరు. విరూపాక్షి పూటపూటా మంచం పక్కన నిలబడి, పెళ్లాం బిడ్డల పేర్లెత్తి మరీ దులిపేసేవాడు. నాలుగో రోజు ఓబిలేసు కళ్లు మూసుకుని, "నన్ను ఇంటికి పంపించేయండి సామీ, ఆడనే పోతా" అన్నాడు.

విరూపాక్షి వంటింట్లో ఉన్న గురువు మరుళయ్య స్వామి దగ్గరికి విసవిసా వెళ్లాడు.

"స్వామీ, నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం ఉందా?"

"లేదు నాయనా."

"మరి వాడికెందుకు పట్టదు?"

స్వామి చల్లారుతున్న గంజిని కలుపుతూ, "నువ్వు నిన్న చేసిన రాగి మొలకపిండి ఏమైంది?" అన్నాడు.

"అదీ పని చెయ్యలేదు స్వామీ. మొలకలో డయాస్టేజ్ అని ఎంజైమ్ ఉంటుంది. గంజిలో కలిపితే పిండిని ముక్కలు చేసి మాల్ట్ చక్కెరగా మారుస్తుంది. గంజి పలచబడాలి, సత్తువ మాత్రం ఎక్కడికీ పోదు. లెక్క ప్రకారం తప్పు లేదు. ఆ రాగుల్లోనే ఏదో లోపం."

స్వామి గట్టిపడ్డ రాగి గంజిని రెండు గిన్నెల్లో పోశాడు. వేలు ముంచితే ఓర్చుకునేంత వేడిగా ఉంది. ఒకదాంట్లో విరూపాక్షి పిండి ఒక చెంచా కలిపించాడు. రెండోదాంట్లో తన డబ్బాలోని పిండి కలిపాడు. అదీ విరూపాక్షి వాడిన బస్తా రాగులతో చేసిందే.

పావుగంట ఇద్దరూ ఊరికే కూర్చున్నారు.

మొదటి గిన్నెలో గరిటె నిలబడే ఉంది. రెండోది పాలలా జారింది. విరూపాక్షి నాలిక మీద వేసుకున్నాడు. బెల్లం వెయ్యకుండానే తియ్యగా ఉంది.

స్వామి అతని పిండి చిటికెడు తీసి వాసన చూశాడు. "ఘుమఘుమలాడుతోందే. ఎలా ఎండబెట్టావు?"

"ఎండలో అయితే మూడు రోజులు పడుతుందని, పెద్ద మంట మీద..."

విరూపాక్షి ఆగిపోయాడు. ఎక్కువ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుందని పన్నెండేళ్లు బోర్డు మీద రాసినవాడు తనే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"పిండి మంచిదే నాయనా," అన్నాడు స్వామి. "అందులో అబద్ధమేమీ లేదు. వేడే ఎక్కువైంది."

విరూపాక్షి రెండో గిన్నె తీసుకుని వెళ్లి, ఈసారి మంచం మీదే కూర్చున్నాడు. చెంచాతో పట్టాడు. గంజి దిగింది. ఇంకో చెంచా. అదీ దిగింది.

ఓబిలేసు అనుమానంగా చూశాడు. "ఏం సామీ, ఈపొద్దు తిట్టవా?"

"నువ్వు ఏ రూట్లో తిప్పేవాడివి బండి?" అన్నాడు విరూపాక్షి.

ఓబిలేసు మెల్లగా లేచి కూర్చున్నాడు. తర్వాత గిన్నె తన చేతుల్లోకి తీసుకున్నాడు. "హుబ్లీ రూటు సామీ," అని మొదలుపెట్టి, చెబుతూ చెబుతూ గిన్నె ఖాళీ చేశాడు.