ఐరావతానికి రంపపు బిళ్ళలు

అనగనగా తుమ్మలకోన అని ఒక చిన్న రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు. ఆ రాజుకు తాతలనాటి తెల్లని మోటారుకారు. దాని పేరు ఐరావతం.

తుమ్మలకోనకూ పక్కనున్న నాగులదుర్గానికీ నడుమ ఆకుకొండ ఉంది. ఆ కొండ మీద పుట్టిన చలివాగు రెండు రాజ్యాల పొలాలనూ తడుపుతుంది. ఏటా తొలకరికి ముందు ఇరువైపుల బండ్లూ పోటీపడి కొండ ఎక్కాలి. ముందుగా శిఖరం చేరినవారికి ఆ ఏడు వాగునీటిలో తొలివంతు. పూర్వం రథాలు ఎక్కేవి, తరువాత కార్లు వచ్చాయి. కారైనా సరే, తాతలనాటిదే కావాలి. అదీ కట్టుబాటు.

కొన్నేళ్ళుగా తొలివంతు నాగులదుర్గానికే పోతోంది. మలివంతు నీళ్ళు వచ్చేసరికి తుమ్మలకోన నారుమళ్ళు బీటలు వారుతున్నాయి.

ఐరావతం బాగోగులు చూసేవాడు గవరయ్య. పనిలో దిట్ట, మాటలో పిరికి. అతని షెడ్డు దూలం మీద కాపురమున్న గోరింకకు మాత్రం నోరే బలం.

“ఈసారీ ఓడితే మా నారు మళ్ళీ పశువుల పాలే,” అన్నాడు గవరయ్య.

“అయితే ఇంజను చూడవయ్యా. నా మొహం చూస్తే నీళ్ళు పారుతాయా?” అంది గోరింక.

గవరయ్య ఇంజను విప్పాడు. ఇంజను ఊపిరి పీల్చి వదిలే చిన్న తలుపులను వాల్వులంటారు. అవి మరింత వెడల్పుగా తెరుచుకుంటే బండికి బలం వస్తుంది. అందుకని వాటిని నొక్కే మీటలను మార్చాడు. మార్చాక, మీటకూ వాల్వుకూ నడుమ కొత్త బిళ్ళలు కావలసి వచ్చాయి. షిమ్ములంటారు వాటిని. ఒక్కొక్కటీ గోరంత ఉంటుంది. అది పలచబడిందా, వాల్వు సరిగా తెరుచుకోదు. మందంగా ఉందా, సరిగా మూసుకోదు. తాటాకు ముక్క దూరేంత సందు ఉండాలి, అంతే.

అంతలో రాజుగారు వచ్చారు.

“ఏమోయ్ గవరయ్యా, బిళ్ళలు దేనితో చేస్తావు?”

“ఉక్కుతో ప్ర...”

“ఐరావతం గుండెలో ఇనుప ముక్కలా! ఇదిగో, మా కడియం. కరిగించి వాడుకో.”

రాజవంశం చేతి కానుకను వద్దనడం ఆ రాజ్యంలో లేని మాట. “చిత్తం ప్రభూ,” అన్నాడు గవరయ్య.

రాజుగారు వెళ్ళగానే గోరింక కిందికి దిగింది. “బంగారం మెత్తనని నీకు తెలియదూ?”

“తెలుసు.”

“మరి చెప్పవేం?”

“రాజుగారితో ఎవరు చెబుతారే?”

“నేను చెబితే పంజరంలో పెడతారు. నీకా భయం లేదుగా!”

గవరయ్య వినలేదు. బంగారు బిళ్ళలు బిగించి, పోటీకి ముందు ఒకసారి నడిపి చూశాడు. ఐరావతం కోటవాకిలి దాటేదాకా వెన్నపూసలా సాగింది. కొండదారి మొదలుకాగానే టకటకమంది. కొంచెం ఎక్కేసరికి ఆయాసపడి ఆగింది. విప్పి చూస్తే బిళ్ళలు అప్పడాల్లా పలచబడి ఉన్నాయి.

“ఏమైంది?” అని అడిగారు రాజుగారు.

గవరయ్య నేల చూపులు చూశాడు. “దిష్టి తగిలింది ప్రభూ.”

వెంటనే ఐరావతానికి నిమ్మకాయలు కట్టారు. గుమ్మడికాయతో దిష్టి తీసి పగలగొట్టారు. అంతటితో ఆగలేదు. రాజమాత తన కంచు పళ్ళెం పట్టుకుని స్వయంగా షెడ్డుకు వచ్చింది.

“నాయనా, ఇది మా పుట్టింటివారు పెట్టింది. ఇన్నేళ్ళలో ఒక్క సొట్ట పడలేదు. దీంతో చెయ్యి బిళ్ళలు.”

కంచు గట్టిదే. సొట్ట పడదు, కానీ దెబ్బ తగిలితే పగులుతుంది. అదీ గవరయ్యకు తెలుసు. అయినా, “తమ దయ తల్లీ,” అన్నాడు.

ఈసారి ఐరావతం సగం కొండ ఎక్కింది. బిళ్ళలు గుడిగంటల్లా ఖంగుమంటుంటే వెనక పరిగెత్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉన్నట్టుండి ఫట్‌మంది. విప్పి చూస్తే బిళ్ళలు ముక్కలు ముక్కలు.

“ఇప్పుడు ఎవరి దిష్టంటావు? నాదా?” అంది గోరింక.

గవరయ్య కొండ మీంచి కిందికి చూశాడు. పచ్చగా మొలకెత్తిన నారుమళ్ళు కనబడ్డాయి. అందులో ఒకటి తనది. పోటీ మర్నాడే. ఇక తన భయం ఆ నారు కంటే పెద్దదిగా తోచలేదు. బండిని తోయించుకుని కోటకు వచ్చి, తిన్నగా సభలోకి నడిచాడు.

“ప్రభూ, బండికి దిష్టి తగల్లేదు. ఆ మాట అబద్ధం. బంగారం మెత్తన, కంచు పెళుసు. రెండూ ఇంజను దెబ్బకు ఆగవని నాకు ముందే తెలుసు. కాదంటే కోపగిస్తారని నోరు మూసుకున్నాను. గట్టిగానూ ఉండాలి, పెళుసుగానూ ఉండకూడదు. మా వడ్రంగి దగ్గర ఒక విరిగిన రంపం ఉంది. దాని ఉక్కు అలాంటిది. సెలవిస్తే దాంతో చేస్తాను.”

సభలో కలకలం రేగింది. “రాజుగారి బండిలో విరిగిన రంపమా!”

రాజుగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. తరువాత నోరు బార్లా తెరిచి చూపించారు. లోపల రెండు బంగారు పళ్ళు తళతళలాడాయి.

“చూశారా? ఇవి నవ్వడానికి. చెరకు కొరకాలంటే పక్క పళ్ళతోనే కొరుకుతాను. వెళ్ళు గవరయ్యా, ఆ రంపమేదో తెప్పించుకో. కానీ మొదటే చెప్పి ఉంటే నా కడియం మిగిలేది కదటోయ్!”

సభలోనే ఉన్న రాజమాత ఫక్కున నవ్వింది. “నా పళ్ళెమో?”

గవరయ్య రంపాన్ని నిప్పు దగ్గరికి పోనివ్వలేదు. వేడి తగిలితే ఉక్కు మెత్తబడుతుంది. చల్లగా నీళ్ళు పోసుకుంటూ సానరాయి మీదే అరగదీశాడు. బిగించి, వాకిలి చుట్టూ బండిని తిప్పి, మళ్ళీ తాటాకు ముక్క పెట్టి చూశాడు. సందు చెక్కు చెదరలేదు.

మర్నాడు కొండ మొదట రెండు కార్లూ నిలిచాయి. ఐరావతాన్ని రాజుగారే నడుపుతున్నారు. పక్కన గవరయ్య, కారు కప్పు మీద గోరింక.

నాగులదుర్గం రాజు తన నల్లకారులోంచి తొంగిచూశాడు. “ఏనుగును తోయడానికి ఎంతమందిని తెచ్చారు బావగారూ?”

“తోయడానికి కాదు బావా, పైన నీళ్ళు తాగించడానికి తెచ్చాం!”

డప్పు మోగింది. నల్లకారు ముందు ఉరికింది. మొదటి మలుపులో అదే ముందు. రెండో మలుపులో రెండూ పక్కపక్కన. నిట్టనిలువు ఎత్తులో నల్లకారు రొప్పింది. ఐరావతం మాత్రం ఒక్కసారీ టకటకమనకుండా, ఒకే శ్రుతిలో పాడుకుంటూ దాన్ని దాటి శిఖరం మీద నిలిచింది.

“గెలిచాం! గెలిచాం!” అని అరిచీ అరిచీ గోరింక గొంతు బొంగురుపోయింది. కథలో అది మాట్లాడకుండా ఊరుకున్న పూట అదొక్కటే.

రాజుగారు వాగుకు కట్టిన తూము తలుపు గవరయ్య చేతనే ఎత్తించారు. చలివాగు గలగలా తుమ్మలకోన కాలువలోకి దూకింది. నీటి ముందు పిల్లలు, నీటి వెనక పెద్దలు, కేకలు వేసుకుంటూ పొలాలదాకా పరుగెత్తారు.

పనికి తగినదే మేలైన వస్తువు. తెలిసిన నిజాన్ని వేళకు చెప్పేవాడే మేలైన పనివాడు.