నడిచే మంచు, నిలబడ్డ జసుమతి

హిమాలయాల్లో ఒక మంచునది ఒడ్డున ఉన్న పల్లెలో జసుమతి అనే ఆవిడ ఉండేది. పెద్దాచిన్నా చూడకుండా ఎదురు చెబుతుందని ఊరంతా ఆవిడను ఆడిపోసుకునేది. నిజమే, నోరు కాస్త పెద్దదే. కాదని నేనూ అనను.

మంచునది అంటే నీళ్ళు పారే నది కాదు. కొండ మీంచి కిందిదాకా పరుచుకున్న పెద్ద మంచుగడ్డ. చూడ్డానికి కదలనట్టే ఉంటుంది గానీ ఏటా కాస్తకాస్త కిందికి జరుగుతూనే ఉంటుంది. జరిగేటప్పుడు పగుళ్ళిస్తుంది. ఒక్కో పగులు తాటిచెట్టంత లోతుంటుంది. శీతాకాలంలో కురిసిన మంచు దాని మీద పలచగా కప్పు వేసేస్తుంది. పైనుంచి చూస్తే చక్కటి నేలే అనుకుంటాం. కాలు పెడితే అంతే సంగతులు.

ఏటా ఎండాకాలం మొదట్లో ఆ ఊరి అమ్మవారిని పల్లకిలో మంచునది దాటించి అవతలి గుడికి తీసుకెళ్ళేవారు. పల్లకి మోయడానికి నలుగురు, వెంట ఊరిపెద్ద, ముందు దారి చూసే మనిషి, మొత్తం ఆరుగురే వెళ్ళాలి. దారి చూసే మనిషి భుజాన తాడుచుట్ట వేసుకుని, ఇనుప మొన ఉన్న పొడుగాటి కర్రతో మంచును పొడుస్తూ నడవాలి. ఆ పని జసుమతి వాళ్ళ నాన్నది. ఆయన పోయాక కర్ర ఆవిడ చేతికొచ్చింది. ఆ కర్రంటే ఆవిడకు ప్రాణం. పల్లకి ఒకసారి ఎత్తాక గుడి చేరేదాకా దించకూడదని ఆచారం. మంచు మీద తాతలు పేర్చిన రాళ్ళకుప్పల పక్కనుంచే నడవాలని ఇంకో ఆచారం.

ఆ ఏడు మూడో కుప్ప దగ్గర జసుమతి కర్రతో పొడిస్తే అది సర్రున పిడిదాకా దిగిపోయింది. పక్కన పొడిచింది. అక్కడా అంతే. వెంటనే అందరినీ ఆగమంది. పల్లకి ముందుకొమ్ము మోస్తున్నవాడు ఆవిడ భర్త దీవాన్. ఇంకో రెండడుగులు వేస్తే ముందు పోయేది అతనే.

ఊరిపెద్ద హయాత్ సింగ్ గయ్యిమన్నాడు. అరవై ఏళ్ళుగా ఈ కుప్పల పక్కనే నడుస్తున్నానన్నాడు. చుట్టూ తిరిగి వెళితే పూజ వేళ దాటిపోతుందన్నాడు. ఆడదాని చేతికి కర్ర ఇవ్వడమే మన తప్పు అని కూడా అన్నాడు.

"మంచు జరిగింది పెదనాన్నా. దాంతోపాటు కుప్పలూ జరిగాయి. అవి తాతలు పెట్టిన చోట లేవు," అంది జసుమతి.

"తాతలకంటే నీకు ఎక్కువ తెలుసా? తప్పుకో. లేదంటే ఆ కర్ర ఇచ్చెయ్. మళ్ళీ దాన్ని ముట్టుకోనివ్వను," అన్నాడు హయాత్ సింగ్.

జసుమతికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అయినా తప్పుకోలేదు. గట్టిగా ఉన్న చోటు చూసుకుని, పల్లకికి అడ్డంగా మంచు మీద చతికిలబడింది.

"కర్ర తీసుకోండి. పల్లకిని మాత్రం ఈ దారిన పోనివ్వను. పోవాలంటే నన్ను తొక్కుకుంటూ పోండి," అంది.

మోసేవాళ్ళు కదల్లేదు. అయితే తానే నడిచి చూపిస్తానన్నాడు పెద్దాయన. నడుముకు తాడు కట్టించుకుంటేనే కర్ర ఇస్తానంది జసుమతి. ఆయన సణుగుతూనే కట్టించుకున్నాడు. రెండో కొస ఆవిడ తన నడుముకు కట్టుకుంది. కర్ర అందుకున్నాడు గానీ మహానుభావుడు ఒక్కసారైనా పొడిచి చూస్తేనా? షికారుకెళ్ళినట్టు ఊపుకుంటూ నడిచాడు. అయిదో అడుగుకు కాళ్ళకింద మంచు కూలింది. మనిషి మాయమయ్యాడు.

తాడు జసుమతిని కిందపడేసి ఈడ్చింది. ఆవిడ మడమలు మంచులో పాతి ఎలాగో నిలదొక్కుకుంది. పల్లకి దించి తాడు పట్టమని అరిచింది. నలుగురూ మొహాలు చూసుకున్నారు. దించితే అమ్మవారికి కోపం వస్తుందేమోనని దీవాన్ నసిగాడు.

"వస్తే నా మీద రానీ. దించు!"

దించారు. అయిదుగురూ కలిసి లాగితే హయాత్ సింగ్ పైకొచ్చాడు. టోపీ లేదు, ఒక కాలికి చెప్పు లేదు, గడ్డం నిండా మంచు. భయంతో బిగించిన చేతిలో కర్ర మాత్రం అలాగే ఉంది. ఆయన ఒకసారి ఆ పగులులోకి తొంగి చూశాడు. తర్వాత లేచి, ఆ కర్రను రెండు చేతులతో జసుమతికి అందించాడు.

"ఎటు వెళ్దాం తల్లీ?" అని అడిగాడు.

చుట్టూ తిరిగే వెళ్ళారు. పూజ ఆలస్యమైంది, అమ్మవారేమీ అనలేదు. ఆ మరుసటేడు నుంచి హయాత్ సింగ్ ఏటా జసుమతి చూపించిన చోట కుప్పలు తన చేతుల్తోనే కొత్తగా పేర్చేవాడు. జసుమతి నోరు మాత్రం అంగుళం కూడా తగ్గలేదు. ఎందుకు తగ్గాలి?

పెద్దలను గౌరవించాలి, కానీ ప్రాణాల మీదికొచ్చే తప్పు కనబడితే ఎదుట ఎవరున్నా సరే అడ్డంగా నిలబడి కాదని చెప్పాలి.