చిల్లుల సభ

ఒక ప్రశ్న అడుగుతాను, తడుముకోకుండా జవాబు చెప్పండి. ఎవరో మీకు ఒక ఇల్లు ఇచ్చి, "ఉండు. కానీ గోడ గీకకు, లోపల ఏముందో చూడకు, పక్కింటివాళ్ళకు చూపించకు" అన్నారనుకోండి. ఆ ఇల్లు మీదేనా?

ఆలోచిస్తూ ఉండండి. ఈలోగా నేను రేగుకోన అడవి సంగతి చెబుతాను.

రేగుకోనలో వాన మొదలైతే ఇరవై రోజులు తెరిపి ఇవ్వదు. ఆ అడవిలో గిజిగాళ్ళు, ఉడుతలు, ముళ్ళపందులు, పందికొక్కులు, ఎలుకలు, ముంగిసలు ఉండేవి. కొండ అంచున, అందరికన్నా ఎత్తులో, దొరబాబు అనే కొండముచ్చు ఉండేవాడు.

గూడు అల్లడం మొదట గిజిగాళ్ళకే తెలుసు. కానీ ఆ విద్యను అవి దాచుకోలేదు. "చూడు, నేర్చుకో, నీకు కావలసినట్టు మార్చుకో. మార్చింది మాకూ చూపించు" అన్నాయి. షరతు అదొక్కటే.

ఉడుత నేర్చుకుని లోపల బూరుగు దూది పరిచింది. పందికొక్కు నేల మీద నిలబడే గూడు అల్లింది. ముళ్ళపంది రాలిన తన ముల్లునే సూదిగా చేసి, ఆకులు దట్టంగా కుట్టడం చూపించింది. ఆ కుట్టు చూసి గిజిగాళ్ళే మళ్ళీ నేర్చుకున్నాయి. ఇప్పుడు ఆ అల్లిక ఎవరిదని అడిగితే రేగుకోనలో ఎవరూ చెప్పలేరు.

ఏటా వానలకు ముందు అందరూ నల్లబండ మీద చేరేవారు. దాన్ని చిల్లుల సభ అనేవారు. ఎవరి గూడు వాళ్ళు తెచ్చి, "నిరుడు నాది ఇక్కడ కారింది" అని చూపించాలి. చిల్లు చూపించినవాళ్ళకు కేరింతలు. ఆ చిల్లు పూడ్చే దారి చెప్పినవాళ్ళకు ఇంకా పెద్ద కేరింతలు. "నా గూట్లో చిల్లే లేదు" అని ఎవరైనా అంటే మాత్రం సభంతా పకపకా నవ్వేది. "లేదా? అయితే నువ్వు వెతకలేదన్నమాట!"

ఎంత మంచి సభ, కదా? ఆగండి. ఆ సభకూ ఒక జబ్బు ఉంది.

ఆ ఏడు సభకు దూదమ్మ అనే కుందేలు వచ్చింది. కొండకు అవతల దాని పొదలు కార్చిచ్చులో కాలిపోయాయి. ముగ్గురు పిల్లలను వెంటేసుకుని, నెల కిందటే రేగుకోనకు చేరింది. పిల్లలకు ఇంకా మెత్తటి నూగే. వాన పడితే తట్టుకోలేరు.

దూదమ్మ వచ్చేసరికి సభలో పెద్ద గొడవ. గూటికి తాటి ఈనె మంచిదా, రెల్లు మంచిదా?

"తాటి ఈనె! వంగుతుంది గానీ విరగదు" అని గొంతు చించుకుంటోంది గరిక. గరిక ఒక కుర్ర ఆడ గిజిగాడు. వాదనలో దాన్ని ఓడించిన పిట్ట ఆ అడవిలో పుట్టలేదు.

"ఈనెట, ఈనె! కోసుకొచ్చేలోపు వాన వెలిసిపోతుంది. రెల్లు చాలు" అని తోక ఆడించింది చారమ్మ అనే ఉడుత.

"రెల్లు అల్లేవాళ్ళకు అల్లడమే రాదు!"

"ఈనె అల్లేవాళ్ళకు ఇంకో పని లేదు!"

మధ్యలో దూదమ్మ మెల్లగా అడిగింది. "అమ్మా, అసలు మొదటి ముడి ఎలా వేస్తారు?"

సభంతా గొల్లున నవ్వింది.

"మొదటి ముడా? అది నిరుడే చెప్పాం కదా" అంది చారమ్మ.

"నిరుడు నేను ఇక్కడ లేనమ్మా."

"అయితే వెళ్ళి ఏ గూడైనా చూడు. అన్నీ బయటే వేలాడుతున్నాయిగా, ఎవరు దాచారు?"

గరిక కూడా నవ్వింది. నవ్వి, మళ్ళీ ఈనె గురించి అందుకుంది. దూదమ్మ చెవులు వాల్చుకుని, పిల్లలను పోగుచేసుకుని వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం ముళ్ళయ్య అనే ముసలి ముళ్ళపంది ఒక్కడే గమనించాడు.

"గరికా, ఈనె గెలిచిందా?" అని అడిగాడు.

"గెలిచింది తాతా!"

"మంచిది. ఆ కుందేలు పిల్లల మీద ఏం కప్పుతావు? నీ గెలుపు కప్పుతావా?"

వాదనలో గరిక ఓడిపోవడం అదే మొదటిసారి. వెంటనే దూదమ్మ కోసం ఎగిరింది. కానీ ఆలస్యమైంది.

దూదమ్మకు దొరబాబు దారిలోనే ఎదురయ్యాడు. "అయ్యో, నవ్వారా? వాళ్ళంతే. రా, నా దగ్గర తయారు ఇల్లు ఉంది. ముడులు లేవు, గొడవ లేదు. వెళ్ళి పడుకోవడమే."

నిజంగానే అందమైన ఇల్లు. కొండ వాలులో గుండ్రటి మట్టి ఇల్లు, నున్నటి ఎర్రమట్టి పూత, బెరడు తలుపు. "నేను అడిగేది మూడే ముక్కలు" అన్నాడు దొరబాబు. "గోడ గీకకూడదు. లోపల ఏముందో ఎవరికీ చూపించకూడదు. ఏం పాడైనా నా గడప దగ్గరికే రావాలి. ఇంకెవరు ముట్టుకున్నా, ఆ క్షణమే ఇల్లు ఖాళీ చెయ్యాలి."

పిల్లలు అప్పటికే లోపలికి దూరి నిద్రపోయారు. దూదమ్మ సరేనంది.

గరిక వచ్చి గడప ముందు వాలింది. "దూదక్కా, తప్పు నాది. రా, మొదటి ముడి నేను నేర్పుతాను."

"ఇప్పుడెందుకులేమ్మా. ఇల్లు దొరికింది" అంది దూదమ్మ. ఆ మాటలో కోపం లేదు. అదే గరికను ఎక్కువ బాధపెట్టింది.

దొరబాబు ఇకిలించాడు. "మీ గూళ్ళ నిండా చిల్లులే. మీరే ఏటా సభ పెట్టి మరీ చెప్పుకుంటారు! నా ఇళ్ళల్లో చిల్లు ఉందని ఇంతవరకూ ఒక్కరైనా అన్నారా?"

"చెప్పే నోళ్ళు ముందే కట్టేశారుగా దొరబాబు గారూ! ఇక ఎవరంటారు?" అంది గరిక.

"నోరు తగ్గించు, పిట్టా."

"తగ్గించను. ఇల్లు బాగుంటే విప్పి చూపించండి. బాగోకపోతే ఒప్పుకోండి. రెండూ చెయ్యరు, పైగా అందరికన్నా ఎత్తున కూర్చుంటారు!"

దొరబాబు ఎండుకొమ్మ విసిరాడు. గరిక తప్పించుకుంది. కానీ ఆ నున్నటి గోడలు అందరి కళ్ళల్లో పడ్డాయి. ముడులు రానివాళ్ళు, నేర్చుకుందామని వెళ్ళి నవ్వులపాలైనవాళ్ళు ఒక్కొక్కరే దొరబాబు దగ్గరికి వెళ్ళారు. వానలు వచ్చేనాటికి వాలులో మొత్తం పదమూడు మట్టి ఇళ్ళు లేచాయి.

వాన మొదలైంది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదో రోజు దూదమ్మ ఇంట్లో నేల చెమర్చింది. దూదమ్మ తడుస్తూనే కొండ అంచుకు ఎక్కింది. "బాబూ, నీళ్ళు వస్తున్నాయి."

దొరబాబు తన పెద్ద మట్టి మేడలో వెచ్చగా కూర్చుని ఉన్నాడు. "నీకన్నా ముందు పన్నెండుమంది వచ్చారు. నీ వంతు వచ్చాక చూస్తా. గోడ మాత్రం ముట్టుకోకు."

"పన్నెండుమందికీ నీళ్ళేనా బాబూ?"

"వాళ్ళ సంగతి నీకెందుకు? వెళ్ళు."

దూదమ్మ వెళ్ళింది. ఏడో రోజు పొద్దున బెరడు తలుపు నీటికి ఉబ్బి బిగుసుకుపోయింది. లోపల నీళ్ళు పిల్లల పొట్టల దాకా వచ్చాయి. పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కి ఏడుస్తున్నారు. ఆ ఏడుపు గరికకు వినిపించింది. వెంటనే ముళ్ళయ్యను పిలుచుకుని వానలోనే వచ్చి వాలింది.

"దూదక్కా! గోడ బద్దలుకొట్టు! తాత బయటినుంచి తవ్వుతాడు!"

"వద్దమ్మా! ముట్టుకుంటే ఇల్లు ఖాళీ చెయ్యాలన్నాడు. ఈ వానలో పిల్లలతో ఎక్కడికి పోను?"

"మా దగ్గరికి!"

దూదమ్మ లోపలినుంచి తలుపుకు నోరు ఆనించి అడిగింది. "మళ్ళీ నవ్వరు కదా?"

ఆ ప్రశ్న గరికకు ముల్లులా దిగింది. "నవ్వితే నా గూడు పీకి నీకిస్తా. తన్నక్కా, తన్ను!"

కుందేలు వెనక కాళ్ళ సంగతి మీకు తెలుసా? దూదమ్మ పిల్లలను పక్కకు నెట్టి, వాలువైపు గోడను అడుగున తన్నింది. ఒక్క తన్ను. రెండు. బయట ముళ్ళయ్య తవ్వుతున్నాడు. మూడో తన్నుకు గోడ విరిగింది. నీళ్ళు బుడబుడమంటూ వాలులోకి పోయాయి. ఆ దారినే ముగ్గురు పిల్లలూ జారుకుంటూ బయటికి వచ్చారు. తుమ్ముతున్నారు గానీ బతికి ఉన్నారు.

ఇప్పుడు అందరూ మొదటిసారి ఆ గోడ లోపల ఏముందో చూశారు. పైపూత వేలెడు మందమే. దాని కింద కాల్చని పచ్చిమట్టి, ఎండుటాకులు. నేలేమో బయటి నేల కన్నా పల్లం. వచ్చిన నీరు పోయే దారే లేదు.

"ఒక్క చిల్లు పెట్టి ఉంటే నీళ్ళు పోయేవి" అన్నాడు ముళ్ళయ్య. "పదమూడూ ఒకే చేత్తో కట్టినవి. పదమూడింటికీ ఇదే జబ్బు."

గరిక దగ్గర్లోని కొమ్మ ఎక్కి అరిచింది. "మట్టి ఇళ్ళ వాళ్ళందరూ వినండి! తలుపుతో కుస్తీ పట్టకండి! వాలువైపు గోడ అడుగున తన్నండి! పచ్చిమట్టే! దూదక్క తన్నింది, పిల్లలు బయటపడ్డారు!"

ఒక ఇంట్లో దబ్బుమంది. తర్వాత ఇంకో ఇంట్లో. కాళ్ళ బలం చాలనివాళ్ళ ఇళ్ళ దగ్గర ముంగిసలు, పందికొక్కులు బయటినుంచి తవ్వాయి. దూదమ్మ ఊరుకోలేదు. ఒళ్ళంతా బురదతో ఇల్లు ఇల్లూ తిరిగి, "ఇక్కడ కాదు, ఇంకాస్త కింద" అని చోటు చూపించింది. పదమూడు ఇళ్ళవాళ్ళూ బయటపడ్డారు.

మరి ఇప్పుడు గూళ్ళు? చారమ్మ తడిసిన తోకతో రెల్లు మోపు ఈడ్చుకొచ్చింది. గరిక ఈనెలు తెచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏమిటే చూస్తావు? నీ ఈనెలు నిలువు గుంజల్లా పాతు, నా రెల్లు పైన కప్పుతా" అంది చారమ్మ. "ఏది గొప్పదో వాన వెలిశాక కొట్టుకుందాం."

గరిక దూదమ్మ పక్కన కూర్చుంది. మొదటి ముడి చూపించింది. దూదమ్మకు రాలేదు. మళ్ళీ చూపించింది. ఊహూ. ముక్కుతో దూర్చే ముడి మరి, కుందేలుకు పిట్టముక్కేదీ? ఆరోసారికి దూదమ్మ విసుగ్గా పోచను పళ్ళతో కొరికి, చీల్చి, రెండు పాయలను మెలేసి బిగించింది.

గరిక లాగి చూసింది. ఊడలేదు. ఇంకా గట్టిగా లాగింది. ఊడలేదు.

"అక్కా! ఇదెక్కడ నేర్చుకున్నావు?"

"నేర్చుకోలేదు. రాకపోతే ఏం చెయ్యను, కొరికాను!"

"తాతా, ఇటు రా! పిట్టముక్కు లేనివాళ్ళు వేసే ముడి దొరికింది!"

సాయంత్రానికి ఎలుకలూ ముంగిసలూ అందరూ దూదమ్మ చుట్టూ కూర్చుని కొరుకుతున్నారు. పొద్దున వీధిన పడ్డ కుందేలు, పొద్దుగూకేలోపు పదిమందికి పంతులమ్మ అయింది.

అప్పుడే దొరబాబు దిగివచ్చాడు. తోకనుంచి నీళ్ళు కారుతున్నాయి. అతని మేడ కూడా అదే మట్టి, అదీ కూలింది. అది కూలిపోతుందని ముందుగా చెప్పే ధైర్యం ఎవరికీ రాకుండా అతనే చూసుకున్నాడు.

"నాకొక గూడు అల్లి ఇవ్వండి" అన్నాడు. అడిగినట్టు లేదు, ఆజ్ఞ వేసినట్టు ఉంది.

"అల్లి ఇవ్వం. నేర్పుతాం. కూర్చో" అన్నాడు ముళ్ళయ్య.

దూదమ్మ జరిగి చోటిచ్చింది. "కష్టమేమీ కాదు బాబూ. నాకే వచ్చింది."

దొరబాబు ఆ చోటును చూశాడు. అటు ఎలుక, ఇటు పందికొక్కు. "వీళ్ళ మధ్య కూర్చుని, ఒక కుందేలు దగ్గర నేను ముడులు నేర్చుకోవాలా?" అని తోక విదిల్చి వెళ్ళిపోయాడు. మిగిలిన పదమూడు రోజులూ బండ మీద వణుకుతూ, దగ్గుతూ గడిపాడు. రోజూ గరిక వెళ్ళి, "చోటు ఇంకా ఖాళీగానే ఉంది దొరబాబు గారూ" అని చెప్పి వచ్చేది. అతను రాలేదు. వాన వెలిశాక అడవి వదిలిపోయాడు.

ఆ ఏడు నుంచి చిల్లుల సభలో ఒక కొత్త నియమం పెట్టారు. అందరికన్నా కొత్తగా వచ్చినవాళ్ళే ముందు మాట్లాడాలి. వాళ్ళ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఈనె గురించి గానీ రెల్లు గురించి గానీ ఎవరూ నోరెత్తకూడదు. ఈ నియమం పెట్టింది గరిక.

నీతి: తలుపులు మూసి గొప్పలు చెప్పేవాడి నీడ కన్నా, తప్పులు విప్పి చూపించుకునే తోటివాళ్ళ మధ్యే బతుకు భద్రం, కానీ అడిగినవాళ్ళను చూసి నవ్వితే, వాళ్ళను ఆ నీడలోకి తోసింది మనమే. లోపల ఏముందో అందరికీ తెరిచి చూపే లినక్స్ లాంటి కంప్యూటర్ వ్యవస్థలను ముక్కూమొహం తెలియని లక్షలమంది కలిసి ఇలాగే అల్లుతున్నారు. రేపు మీ బడి కంప్యూటర్ గదిలో ఎవరైనా అలాంటి కంప్యూటర్‌తో తంటాలు పడుతూ "ఇది ఎలా?" అని అడిగితే, "వెతుక్కో" అనకండి. కుర్చీ లాక్కుని పక్కన కూర్చోండి. మీకు వచ్చింది చూపించండి, రానిది ఇద్దరూ కలిసి విప్పి చూడండి.