పోలమ్మ వదులుకున్న కట్టెలు

అనగనగా చెరకు విరగపండే ఒక అడవిలో పోలమ్మ అనే ఎలుగుబంటి బెల్లం వండేది. గానుగలో రసం తీశాక మిగిలిన చెరకు పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేసేది. కట్టెలు కొనే పని ఉండేది కాదు.

ఒక ఏడు కాలంకాని కాలంలో వాన పట్టుకుంది. పిప్పి తడిసి ముద్దయింది. కట్టెల ధర కొండెక్కింది.

సింహం రాజు కొలువులో చెప్పాడు. "మంట లేనిదే పని సాగనివాళ్లకు రాచకొట్టు నుంచి సగం ధరకే కట్టెలిస్తాం. పిప్పి ఎండినవాళ్లకు ఇవ్వం. కొట్టు చూసుకునే ఏనుగు వచ్చి చూసి ఔనంటేనే ఇస్తాం."

"మరి చలి కాచుకోవడానికో?" అంది కోతి.

"ఎండలో కూర్చో" అన్నాడు రాజు.

ఏనుగు అందరి పొయ్యిలూ చూసింది. పోలమ్మకు కట్టెలు వచ్చాయి. పక్కనే బెల్లం వండే నక్క గవిరయ్యకూ వచ్చాయి.

కొన్నాళ్లకు ఎండ కాసింది. పోలమ్మ పిప్పి కరకరలాడేలా ఎండింది. ఎప్పటిలాగే తన వంతు కట్టెల కోసం ఆమె రాచకొట్టుకు వెళ్తే, కుమ్మరి కుందేళ్లు ఖాళీ బండితో నిలబడి ఉన్నాయి.

"కొట్టులో ఉన్న కట్టెలన్నీ ముందే వంతులు పడ్డవాళ్లవేనట పెద్దమ్మా, మాకు మిగల్లేదు. కుండలన్నీ పచ్చివే, కాల్చే దారి లేదు" అన్నాయి.

పోలమ్మ ఇంటికొచ్చి గవిరయ్యతో ఆ మాటే చెప్పింది.

"నీకెందుకక్కా?" అన్నాడు గవిరయ్య. "నేను రోజూ పిప్పి మీద నీళ్లు చల్లుతున్నా. ఏనుగు వస్తే తడిగానే కనబడుతుంది. నువ్వూ చల్లు."

"ఎండిన పిప్పిని తడపడానికి చేతులెలా వస్తాయి తమ్ముడూ?"

ఆమె ఏనుగు దగ్గరికి వెళ్లింది. "నా పిప్పి ఎండిందయ్యా. నా వంతు కుందేళ్లకివ్వండి."

"మళ్లీ వాన పడితే మళ్లీ అడగాలి. నేను వచ్చి చూడాలి. రసం అందాకా ఆగదు, పులిసిపోతుంది. ఆలోచించుకో" అంది ఏనుగు.

పోలమ్మ తన తోటను తలుచుకుంది. గానుగ ఆడించాల్సిన చెరకు ఇంకా సగం తోట ఉంది. అయినా మాట మార్చలేదు.

ఆమె ఇంటికి చేరేలోగా కుందేళ్ల బండి నిండింది. ఏనుగు అటునుంచే గవిరయ్య ఇంటికి నడిచింది. అతని పిప్పి నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏనుగు ఆకాశంకేసి చూసింది.

"అడవంతా ఎండ. వాన నీ ఇంటిమీదే కురిసిందా గవిరయ్యా?"

గవిరయ్య తల వంచుకున్నాడు. ఆ పంట అయ్యేదాకా అతనికి కట్టెలు ఆపేశారు.

అనుకున్నంతా అయింది. పోలమ్మ బెల్లం వండే పెద్ద పెనం నిండా రసం పోసిన పూటే మబ్బు విరుచుకుపడింది. పిప్పి మళ్లీ తడిసింది. ఆమె ఏనుగుకు కబురంపి, రసం వంక చూస్తూ కూర్చుంది. అంతలో ఏనుగు వానలోనే వచ్చింది. వీపు నిండా కట్టెలు.

"చూడకముందే మోసుకొచ్చారేంటయ్యా?"

"చూడటం నా పని, చూస్తాను. కానీ ఎండిందని నువ్వే వచ్చి చెప్పావు. తడిసిందని నువ్వంటే ఉత్త వీపుతో ఎలా వస్తాను?"

ఏనుగు తొండంతో పిప్పి తడిమి చూసి, కట్టెలు దించింది. పోలమ్మ పొయ్యి వెలిగించింది. పక్కింట్లో గవిరయ్య పులిసిన రసం పారబోస్తున్నాడు. ఆమె పెనంలో పాకం బంగారు రంగు తిరుగుతోంది.

నీతి: అవసరం తీరిందని తానే చెప్పినవారికి, అవసరం పడినప్పుడు సాయం ఎదురొస్తుంది.