వెలగకాయ తగిలిన చోటు

మోదుగుల అడవికీ ఇప్పల అడవికీ మధ్య సన్నవాగు పారుతుంది. మోదుగుల అడవిలో నక్క, నెమలి, అడవిపంది, కుందేళ్లు ఉండేవి. ఒక ఎలుగుబంటి, దాని పిల్ల బొద్దు కూడా అక్కడే ఉండేవి. అవతలి ఒడ్డున ఇప్పల అడవికి ఏనుగవ్వ పెద్ద.

ఎండాకాలం రాగానే వాగు ఎండి ఇసుక తేలేది. ఒక్క మడుగులోనే నీళ్లు మిగిలేవి. ఆ మడుగుకు ఒక పక్క చెట్ల నీడ, రెండో పక్క కాలే బండలు. నీడ కోసం కొట్లాడుకోకుండా పూర్వం పెద్దలు ఒక ఆట పెట్టారు. ఇసుక మీదికి వంగిన మద్దికొమ్మకు అడుగులేని గడ్డిబుట్ట వేలాడదీసేవారు. ఒక్కో అడవి నుంచి ఐదుగురు వచ్చి, గీత దగ్గర నిలబడి, వెలగకాయను ఆ బుట్టలోకి విసిరేవారు. ఎవరివి ఎక్కువ పడితే ఆ ఎండాకాలమంతా నీడ వాళ్లది.

బుట్ట అల్లేది ఒక ముసలి గిజిగాడు. వెలగకాయ గట్టిది. అది తగిలినచోట గడ్డి తెగుతుంది. బుట్ట వేలాడినన్నాళ్లూ రోజూ సాయంత్రం గిజిగాడు వచ్చి తెగిన పోచ తీసి కొత్త పోచ వేసేవాడు.

ఆ ఏడాది ఆటలో రెండు అడవులూ సమానంగా వచ్చాయి. చివరి కాయ బొద్దు చేతికి వచ్చింది. బొద్దుకు అదే మొదటి ఏడు. వెనకకాళ్ల మీద లేచి, కాయను రెండు చేతులా పట్టి విసిరాడు. కాయ బుట్ట ముందంచుకు టక్కున తగిలి కింద పడింది.

మోదుగుల అడవివాళ్లు బండల మీదికి నడిచారు.

బొద్దు తల్లి కూడా వెళ్లి బండ మీద కూర్చుంది. ఆమె ఒళ్లంతా నల్లటి జుట్టు. మధ్యాహ్నానికి అది పెనంలా కాలేది. బొద్దు మడుగులో తన ముంగాళ్లు ముంచి తెచ్చి ఆమె వీపు మీద దులిపేవాడు. "చాల్లేరా, నువ్వు తాగు" అనేది తల్లి. నీళ్లు వీపును తాకేలోపే ఆరిపోయేవి. వచ్చే ఏడైనా అమ్మను నీడలో కూర్చోబెట్టాలని బొద్దు రోజూ పొద్దున్నే బుట్ట దగ్గరికి వెళ్లి కాయ విసిరేవాడు.

ఆ ఎండలో మిగతావాళ్లకు ఒకటే మాట, బొద్దు సంగతి. వాడి పాదాలు చూడండి, తండ్రంత అవుతాడు అంది నెమలి. వాడు అంత అయ్యేసరికి మన వీపులు ఊడిపోతాయి అంది అడవిపంది. ఇప్పుడైతే అవతలి అడవివాళ్లు మార్పిడికి తీసుకుంటారు, ఇంకో ఏడు పోతే ఊరికే ఇస్తామన్నా తీసుకోరు అన్నాయి కుందేళ్లు. అక్కడే తల్లి కూర్చుని ఉందని ఎవరికీ తోచలేదు. ఆమె తలవంచుకుని బొద్దు చెవిలో పేలు చూస్తూ ఉండేది. చెవులు మూసినట్టూ ఉంటుంది, పేలు చూసినట్టూ ఉంటుంది.

అందరికంటే ఎక్కువ మాట్లాడేది నక్క. ఆటలో తనకు తెలియనిది లేదని దాని గర్వం. బొద్దు విసిరినవి పది అయితే పడినవి నాలుగని బండ మీద గీతలు గీసి చూపించింది. ఇప్పల అడవి కొండముచ్చువి పదికి ఆరు. తొలిమబ్బు కనిపించిన రోజున ఒక ఆటగాణ్ణి ఇచ్చి ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చని పాత కట్టుబాటు ఉంది. బొద్దును ఇచ్చి కొండముచ్చును తెచ్చుకుందాం అంది నక్క.

గిజిగాడు కొమ్మ మీద నుంచి, "తొందరపడకండి. ఆ పిల్లవాడి ఆట నేను చూస్తున్నాను" అన్నాడు.

నక్క నవ్వింది. "నువ్వు బుట్ట అల్లుకో తాతా. మబ్బులో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోమంటావా?"

కుందేళ్లు పొట్టలు పట్టుకుని నవ్వాయి. గిజిగాడు మళ్లీ పోచ అందుకున్నాడు.

తొలిమబ్బు వచ్చింది. నక్క పంపిన కబురు అందుకుని ఏనుగవ్వ కొండముచ్చును వెంటబెట్టుకుని ఇసుకలోకి దిగింది. కొండముచ్చు రెండు కాయలు విసిరి రెండూ బుట్టలో వేశాడు. మోదుగుల అడవి ఈలలు వేసింది. బొద్దును కూడా విసిరి చూపించమన్నారు. విసిరాడు. టక్కున ముందంచు. మళ్లీ విసిరాడు. మళ్లీ టక్కున ముందంచు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఏనుగవ్వ బొద్దును చూడలేదు. మద్దిచెట్టు దగ్గరికి నడిచి, తొండం చాచి, బుట్ట అంచు చుట్టూ నెమ్మదిగా తడిమింది. ఒకచోట ఆగింది. అంచంతా ఎండి పసుపుపచ్చగా ఉంది. ముందువైపు రెండు వేళ్ల మేర మాత్రం పచ్చిగడ్డి.

"ఇక్కడొక్కచోటే ఎందుకు మార్చావయ్యా?" అని గిజిగాణ్ణి అడిగింది.

"ఎండాకాలమంతా అక్కడొక్కచోటే తెగింది అవ్వా. మిగతావాళ్ల కాయలు తప్పితే చుట్టూ ఎక్కడపడితే అక్కడ తగులుతాయి. ఈ పిల్లవాడివి వంద తప్పినా వందా ఆ రెండు పోచలకే తగులుతాయి. గురి ఎప్పుడో కుదిరింది. చేతులే జానెడు పెరగాలి."

ఏనుగవ్వ చాలాసేపు ఆ పచ్చిగడ్డినే చూసింది. తన ఇన్నేళ్ల బతుకులో ఎందరో ఆటగాళ్లను చూసింది కానీ, ఇలాంటి గుర్తు ఎవరూ బుట్ట మీద పెట్టి వెళ్లలేదు. అప్పుడు బొద్దు కావాలని అడిగింది.

ఆమె మనసు మార్చుకుంటుందేమోనని నక్కకు భయం పట్టుకుంది. "తీసుకెళ్లు. పైన ఒక తేనెపట్టు కూడా ఇస్తాం" అంది.

బొద్దు తల్లి వెనక దాక్కున్నాడు. తల్లి ఏనుగవ్వ ముందు నిలబడి ఒకదాని తరువాత ఒకటి అడిగింది. అక్కడ పుట్టలున్నాయా, చెదలు మెత్తగా ఉంటాయా, వాగు పొంగినప్పుడు పిల్లలు ఎక్కడ పడుకుంటారు. చివరికి గొంతు తగ్గించి, "కాయ తప్పితే వాణ్ణి ఏమంటారు?" అంది.

"ఏమంటాం తల్లీ. ఏరుకొచ్చి మళ్లీ వెయ్యమంటాం" అంది ఏనుగవ్వ. "నువ్వూ రా."

తల్లి తాను పుట్టిన గుట్ట వైపు ఒకసారి చూసింది. తరువాత బొద్దును ముందు నడవమని, తాను వెనక నడిచింది. వాళ్లు అవతలి ఒడ్డు ఎక్కేసరికి ఇసుకలో అడుగులు తడిశాయి. తెల్లారేసరికి వాగు రెండు ఒడ్లూ నిండి పారింది.

కొత్త అడవిలో తల్లికి ఏ పుట్ట ఎక్కడుందో తెలియదు. వెతుక్కుంటూ తిరిగి, దొరికింది బొద్దుకు పెట్టేది. సాయంత్రాలు వాగు ఒడ్డున కూర్చోబెట్టి అవతల కనిపించే చెట్ల పేర్లు అడిగేది. పేర్లు తప్పు చెబితే దిద్దేది. మనల్ని పంపేసినవాళ్ల చెట్ల పేర్లు మనకెందుకమ్మా అని బొద్దు ఒకసారి అడిగాడు. చెట్లు మనల్ని పంపలేదు కదరా అంది. వానాకాలం, చలికాలం గడిచాయి. బొద్దు రోజూ కాయ విసిరాడు. చేతులు పెరిగాయి.

మళ్లీ ఇసుక తేలింది.

మోదుగుల అడవి తరఫున కొండముచ్చు ఆడాడు. పాపం, వానల్లో అతనికి భుజం పట్టేసింది. అతని కాయలు బుట్టకు నాలుగు వైపులా తగిలాయి, పదికి నాలుగే పడ్డాయి. అయినా రెండు అడవులూ చివరిదాకా సమానంగానే వచ్చాయి. ఆఖరి కాయ మళ్లీ బొద్దు చేతికే వచ్చింది.

"ముందంచు చూసుకో గిజిగాడు తాతా, పోచ తెగబోతోంది" అని అరిచింది నక్క. కుందేళ్లు నవ్వాయి.

బొద్దు ఆ గీత దగ్గరే లేచి నిలబడ్డాడు. కాయ చేతుల్లోంచి వెళ్లింది. మద్దికొమ్మ ఎత్తు దాటింది. ఎండలో ఒక్క క్షణం ఆగినట్టు మెరిసింది. నవ్వుతున్న కుందేళ్ల నోళ్లు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి. కాయ దిగింది. బుట్టలోంచి జారి ఇసుకలో పడింది. ఏ చప్పుడూ రాలేదు. బుట్ట ఊగలేదు. ఒక్క గడ్డిపోచ కదల్లేదు.

ఎవరూ ఈల వెయ్యలేదు.  కొండముచ్చు వచ్చి, ఆ కాయను ఏరి, రెండు చేతులా బొద్దుకు అందించాడు. "నలభై ఏళ్లుగా ఈ బుట్ట అల్లుతున్నాను. దీనికి తగలకుండా కాయ పోవడం ఇప్పుడే చూశాను" అన్నాడు గిజిగాడు.

నక్క ఏనుగవ్వ దగ్గరికి పరుగెత్తింది. కొండముచ్చును, నెమలిని, మూడు తేనెపట్లను ఇస్తాను, బొద్దును ఇమ్మంది. నన్నడగకుండా నన్నెలా ఇస్తావని నెమలి దాన్ని ముక్కుతో పొడిచింది. "నేను వాణ్ణి కొలిచి తెచ్చుకోలేదు, కొలిచి ఇవ్వను" అంది ఏనుగవ్వ.

నక్క తోక వేలాడేసి, తన గీతలున్న బండ మీదికే వెళ్లి కూర్చుంది. బండ కాలుతోంది.

బొద్దు తల్లిని నీడలోకి తీసుకెళ్లాడు. చెట్టు కింద చల్లటి మట్టిలో ఆమె ఒళ్లు చాచింది. గిజిగాణ్ణి ఏనుగవ్వ ఆ చెట్టు మీదే గూడు పెట్టుకోమంది. కొంతసేపటికి తల్లి కళ్లు తెరిచి ఎండలో ఉన్న పాత ఇరుగుపొరుగును చూసి, ఏనుగవ్వను అడిగి, వాళ్లను రమ్మని పిలిచింది. పంది వచ్చింది. నెమలి వచ్చింది. కుందేళ్లు తలలు వంచుకుని వచ్చాయి. అందరికంటే చివర నక్క వచ్చి నీడ అంచున నిలబడింది.

తల్లి కొంచెం పక్కకు జరిగింది.

"కూర్చో నక్కన్నా. ఎవరి పిల్లల్నీ కొలవకుండా కూర్చో."

నీతి: ఎదిగే బిడ్డ ఇవాళ ఎన్ని గెలిచాడని కాదు, తప్పినప్పుడు కూడా గురి ఎటు ఉందని చూడాలి. ఆ ఓపిక లేనివారు చేతిలోని మేలును పోగొట్టుకుంటారు.