మూడు నీలం గీతల కప్పు

అనగనగా గోదారి ఒడ్డున ఒక రేవు ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. బడికి పోయింది లేదు గానీ, పొట్లాం కట్టొచ్చిన కాగితాలన్నీ చదివి చదివి, తనకి తెలియనిది లేదనుకునేది. నోరు కూడా పెద్దదే. నవ్వకు, కాళ్ళు ముడుచుకుని విను.

ఆవిడకొక పిచ్చి. ఆ రోజుల్లో జనం స్టీమర్లెక్కి ఏటి మీద ఊళ్ళు తిరిగేవాళ్ళు. ఆ స్టీమర్లలో దొరలకి టీ ఇచ్చే పింగాణీ సామాను ఏరి దాచేది. అంచు చూసి కాలం చెప్పేసేది. ఒక నీలం గీతుంటే మొదటి స్టీమరుది. రెండుంటే రెండోది. మూడుంటే వరదలో మునిగిపోయిన ఆఖరిది.

ఒకనాడు కరణంగారు పళ్ళెం తెచ్చారు. "మొదటిది," అంది చూడగానే. ఆ తర్వాత పడవ సరంగు సాసరు తెచ్చాడు. "రెండోది. నీకంటే పెద్దది, దణ్ణం పెట్టుకో," అంది.

అప్పుడు మూడోసారి అచ్చియ్యమ్మ వచ్చింది. ఆవిడ మొగుడు సింహాద్రి, ఆ ఆఖరి స్టీమరు మీద వంటవాడు. వరదొచ్చిన ఏడు పనికని వెళ్ళి మళ్ళీ రాలేదు. పడవతో మునిగాడని కొందరు. పడవెక్కనే లేదు, ఇంకెవత్తెతోనో రంగూన్ చెక్కేశాడని ఎక్కువమంది. పాపం, ఆవిడ ఎవరి మాట నమ్మాలి?

బురద పట్టిన కప్పొకటి కొంగులోంచి తీసింది. "జాలరి వలలో పడిందంట వదినా. దీని అడుగున..."

"అడుగూ లేదు, గిడుగూ లేదు. ముందు తోమనీ!" అని లాక్కుంది నూకరత్నం. ఇత్తడి చెంబుని తోమినట్టు చింతపండూ బూడిదా వేసి కొబ్బరి పీచుతో రుద్దింది. పీచుకి ఎర్రగా అంటింది. తుప్పు కాబోలనుకుంది.

కప్పు తళతళలాడింది. అంచున మూడు గీతలు. "ఆఖరి స్టీమరుదే!" అంది గొప్పగా.

అప్పుడు అచ్చియ్యమ్మ మెల్లిగా అడిగింది. "మా ఆయన పనికెళ్ళినప్పుడల్లా వెంట పట్టుకెళ్ళే కప్పు అడుగున పడవ రంగుతో 'అ' అని రాసుకున్నాడు. నా పేరులో మొదటక్షరం. ఆయనకొచ్చింది అదొక్కటే. ఎర్రగా ఏమన్నా ఉందా వదినా?"

నూకరత్నం చెయ్యి వీపు వెనక్కి పోయింది. ఆ చేతిలో పీచుంది. తప్పు ఒప్పుకుంటే ఇన్నాళ్ళ గొప్పంతా ఏమైపోతుంది?

"ఏమీ లేదు," అంది.

"పోనీలే. ఊరన్నదే నిజమేమో," అంది అచ్చియ్యమ్మ. కప్పు అరుగు మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడు పూటలు నూకరత్నానికి ముద్ద దిగలేదు. నాలుగో పూట పరుగెత్తింది. అచ్చియ్యమ్మ ఇంటికి తడిక కట్టేసి ఉంది. "మొగుడొదిలేసినదాన్నని నలుగురిలో తిరగలేనంటూ పోయిందమ్మా. ఏ ఊరో చెప్పలేదు," అన్నారు పక్కింటివాళ్ళు.

"ముందే నిజం చెప్పొచ్చు కదా అమ్మమ్మా?"

"చెప్పాల్సిందే, తల్లీ. పీచు చేతిలో ఉండగానే చెప్పాల్సింది."

మన గూట్లో కప్పుని ఎవరినీ తోమనివ్వనని నన్ను ఆడిపోసుకుంటావుగా? రేపు తెల్లారాక దాని అంచు చూడు. ఇక కళ్ళు మూసుకో.

పడవ పోయె ఏటికి,
అక్షరం పోయె బూడిదకి,
కథ పోయె కంచికి,
నువ్వు పోవే నిద్దట్లోకి,
నిదర రాదు నా కంటికి.