అవతలి ఒడ్డు చీటీ

పేదపిల్లల చదువుకి నెలనెలా వేతనం ఇమ్మని రాజుగారు ఆజ్ఞ ఇచ్చారు. ఇవ్వాల్సినవాడు ఖజానా చూసే శేషాద్రి పంతులు. కూతురు నూకాలు చదువు కోసం ఆయన చుట్టూ మూణ్ణెల్లు తిరిగి, పడవ నడిపే పైడయ్యకి కాళ్ళు అరిగిపోయాయి.

"పాఠశాలలో చేరినట్టు చీటీ తెస్తేనే వేతనం," అంటాడు పంతులు. పాఠశాలకి వెళితే, "రుసుం కట్టందే చేర్చుకోం," అంటారు.

"ఆ రుసుం కట్టడానికే కదా బాబూ, వేతనం అడుగుతున్నాను!" అని పైడయ్య నెత్తీనోరూ కొట్టుకున్నా, పంతులు తలెత్తితే ఒట్టు.

ఒకరోజు పంతులే పరుగున రేవుకొచ్చాడు. అవతలి ఒడ్డున ఉన్న కోటకి రాజుగారు రమ్మన్నారు. ఏరు పొంగుతోంది. ఉన్నది పైడయ్య పడవొక్కటే.

"అలాగే బాబూ," అన్నాడు పైడయ్య, గెడ పట్టుకుని. "ముందు అవతలి రేవు కాపలావాడి దగ్గర్నుంచి, మీరు అక్కడ దిగినట్టు చీటీ పట్రండి. అప్పుడు ఎక్కించుకుంటాను."

"బుద్ధుందా నీకు? పడవెక్కకుండా అవతలికి ఎలా వెళ్ళేది?"

"నేనూ మూణ్ణెల్లుగా అదే అడుగుతున్నాను బాబూ."

పంతులు ఏటివంక చూశాడు, కోటవంక చూశాడు. పళ్ళు నూరుకుంటూ తాటాకు తీసి, "నూకాలుని చేర్చుకోండి, రుసుం ఖజానా కడుతుంది" అని రాసి ముద్ర వేశాడు. పైడయ్య దాన్ని తలపాగాలో దోపుకుని గెడ వేశాడు.

నడి ఏట్లో పంతులు గొణిగాడు. "ఒక్క పిల్ల కోసం ఇంత ఏడిపిస్తావా?"

"ఒక్కతేంటి బాబూ? మా పేటలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. సాయంత్రం మళ్ళీ మీరు ఇటే రావాలిగా!"